ఉస్తాద్ చేయి పడ్డ చోటు

2022 వానాకాలం. హనుమకొండలో సుబేదారి దాటాక మెయిన్ రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే సందులో నా షెడ్డు ఉంది. రేకుల కప్పు, బండి కిందికి దిగి పని చేయడానికి ఒక గుంత, ఇంజన్ లేపడానికి ఒక చైన్ బ్లాక్, గోడకు వేలాడే స్పానర్లు. ఇప్పుడొచ్చే కార్లకు నా అవసరం పెద్దగా లేదు. వాటికి జబ్బు చేస్తే కంప్యూటర్ తగిలిస్తారు, ఏ నొప్పో అదే చెబుతుంది. నా దగ్గరికి వచ్చేవన్నీ నోరులేని బండ్లు: పాత జీపులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడూ ఎవరి పెరట్లోనో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ముసలి కార్లు.

రాజేశ్వర్ సేట్ కారు అలాంటిదే. ఆయనకు వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. తండ్రి కాలంలో కొన్న పెద్ద కారు, యాభైల నాటిది, మడికొండలోని గోదాములో బిందెల మూటల వెనక ఏళ్లుగా పడి ఉంది. తాళ్లు కట్టి లాక్కొచ్చి నా షెడ్డు ముందు దించారు. బానెట్ ఎత్తితే లోపల ఎలుకల కాపురం.

"మా బాపు ఈ బండి దిగి దుకాణం షట్టర్ తీసేటోడు సాంబయ్యా," అన్నాడు సేట్. "దసరాకు దుకాణం ముందర నిలబెట్టి పూజ చేయాలె. ఊరంత తిరగనక్కర లేదు. నడవాలె, అంతే."

నడిపిస్తానని మాటిచ్చాను. ఇంజన్ మొత్తం విప్పి, క్రాంక్ షాఫ్ట్‌ను లేత్‌కు పంపి సాన పట్టించి, బేరింగులు, పిస్టన్లు కొత్తవి వెతికి తెప్పించి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. పాత ఇంజన్ కట్టడమంటే నాకు పండగే. కాస్త గర్వం కూడా ఎక్కువే. "సాంబయ్య కట్టిన ఇంజన్ కింద పేపర్ పరిచి అన్నం తినొచ్చు" అని బజారులో ఎవరో ఒకసారి అంటే, ఆ మాటను నేనే పది చోట్ల ప్రచారం చేసుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజన్ లోపల తిరిగే ఇరుసే క్రాంక్ షాఫ్ట్. దాని వెనక కొన ఇంజన్ నుంచి బయటికి వస్తుంది. అక్కడి నుంచి నూనె కారకుండా ఇప్పటి బండ్లలో రబ్బరు సీల్ ఉంటుంది. ఆ కాలపు బండ్లలో ఉండేది రోప్ సీల్, అంటే నూలు, గ్రాఫైట్ కలిపి పేనిన తాడు ముక్క. రెండు సగాలుగా ఉంటుంది. సగం పైన ఇంజన్ గాడిలో, సగం కింద బిగించే క్యాప్ గాడిలో. నూనెలో నానబెట్టి, గుండ్రటి కడ్డీతో రుద్ది రుద్ది గాడిలో కూర్చోబెట్టి, కొసలు కోయాలి. కొస గాడి అంచు కన్నా వెంట్రుకంత పైకి ఉండాలి. క్యాప్ బిగించినప్పుడు పైతాడు, కింది తాడు ఒకదాన్నొకటి నొక్కుకుని అతుక్కుంటాయి. ఎక్కువ కోస్తే సందు పడుతుంది. తక్కువ కోస్తే పోగులు నలిగి క్యాప్ కూర్చోదు. దీనికి కొలత పుస్తకంలో ఉంటుంది గానీ పని మాత్రం వేలి కొసకే తెలుస్తుంది.

ఆ వేలు మా కొమురయ్య ఉస్తాద్‌ది. వయసులో ఉండగా డోర్నకల్‌లో రైల్వే పని చేసి, ఆవిరి ఇంజన్లకు తాడు ప్యాకింగులు పెట్టీ పెట్టీ చేయి తిరిగినవాడు. తర్వాత హనుమకొండలో గ్యారేజీ పెట్టాడు. పొలం పనికి పనికిరానని మా నాయన తిట్టి పంపేస్తే నన్ను చేరదీసి పని నేర్పింది ఆయనే. ఆయన గ్యారేజీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు పొద్దున్నే నా షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు, చాయ్ తాగుతాడు, నా పనికి వంకలు పెడతాడు.

మా పనివాళ్లలో ఒక ఆచారం ఉంది. పెద్ద ఇంజన్ మూసే ముందు ఉస్తాద్ చేయి పడాలి. దానితో పాటే ఇంకో కట్టు కూడా ఉంది: ఉస్తాద్ చేయి పడ్డ చోట మళ్లీ మనం చేయి పెట్టకూడదు. పెడితే తప్పు వెతికినట్టు. చిన్నప్పుడు ఒకసారి ఆయన బిగించిన బోల్టును ఇంకో పట్టు పట్టానని నా వీపు మోగించాడు.

సేట్ కారుకు తాడు ఆయనే పెట్టాడు. "నేను పెడతా, నువ్వు లైటు పట్టు," అన్నాడు. కడ్డీతో రుద్ది, బ్లేడుతో ఏటవాలుగా కొసలు కోశాడు. ఆ ఏటవాలు కోత ఆయన ముద్ర. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. నిలబడ్డానే గానీ మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను. ఆయన కోస్తుంటే కళ్లప్పగించి చూడటం మర్యాద కాదనిపించింది. కోసిన కొసను ఆయన వేలితో తడిమి, కొంచెంసేపు ఊరుకుని, "అయింది," అన్నాడు. నేను క్యాప్ బిగించేశాను.

ఇంజన్ తాళం మొదటి తిప్పుకే లేచింది. సేట్ కళ్లు చెమర్చాయి. బండి ఇంటికి వెళ్లింది. మర్నాడు ఫోన్.

"సాంబయ్యా, వాకిట్ల నూనె పడ్డది."

"కొత్త ఇంజన్ కదా సేట్, జర సర్దుకుంటది. ఫికర్ చేయకుండ్రి," అన్నాను. ఇది మెకానిక్‌లందరికీ నోటికొచ్చిన మాట. ఇంజన్ సర్దుకోదు, వినేవాళ్లే సర్దుకుంటారు.

సేట్ సర్దుకోలేదు, బండి తెచ్చాడు. ఇంజన్‌కు పైమూతలా ఉండే ట్యాపెట్ కవర్ గాస్కెట్ మార్చాను. గాస్కెట్ అంటే రెండు ఇనుప ముక్కల మధ్య పెట్టే అట్ట. మళ్లీ కారింది. ఫ్యూయల్ పంపు గాస్కెట్ మార్చాను. మళ్లీ కారింది. ఇంజన్ కింద నూనె నిలిచే తొట్టిని మేం ఛాంబర్ అంటాం, దాని బోల్టులన్నీ ఇంకో పట్టు పట్టాను. మళ్లీ కారింది. ప్రతిసారీ సేట్‌కు ఒక కొత్త కథ చెప్పాను. "ఇప్పుడొచ్చే గాస్కెట్లు అట్లనే ఉంటున్నయి సేట్, మాల్ మంచిగుంటలేదు," అని దుకాణాలవాళ్ల మీద కూడా నెట్టాను. ఆయన వింటూ తల ఊపేవాడు. ఆ తల ఊపడం చూస్తే నాకు తిట్టినా బాగుండేది అనిపించేది.

నూనె ఎక్కడ పుట్టిందో అక్కడే కనబడదు. ముందర పుట్టిన చుక్కను ఫ్యాను గాలి వెనక్కి తోస్తుంది, అది ఛాంబర్ అంచు పట్టుకుని పాకి ఇంకెక్కడో రాలుతుంది. తడి ఉన్న చోట తప్పు ఉందనుకుంటే మోసపోతాం. ఈ మాట పనిలో చేరిన కొత్తలోనే ఉస్తాద్ చెప్పాడు. నేను ఆ మాటను అడ్డం పెట్టుకుని, చుక్క వెనకే రాలుతున్నా ముందరే వెతుకుతూ పోయాను. చుక్క రాలుతున్నది ఇంజన్ వెనక, ఫ్లైవీల్ అనే బరువు చక్రాన్ని కప్పే డొప్ప అడుగున ఉండే రంధ్రంలోంచి. అక్కడి నుంచి నూనె వస్తే ముందు అనుమానించాల్సింది వెనక సీల్‌నే అని మా పనిలో ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. అది గేర్ బాక్స్ నూనె కావచ్చని నాకు నేనే చెప్పుకున్నాను. గేర్ నూనెకు గంధకం వాసన ముక్కు పగిలేలా ఉంటుంది. దీనికి ఆ వాసన లేదు. నిజం చెప్పాలంటే వాసన చూడటం కూడా మానేశాను.

దసరా వచ్చింది. సేట్ నన్నూ, ఉస్తాద్‌నూ పూజకు పిలిచాడు. దుకాణం ముందు సేట్ భార్య పొద్దున్నే పెద్ద ముగ్గు వేసింది. బండిని తోసుకొచ్చి ఆ ముగ్గు మీదే నిలబెట్టారు. బంతిపూల దండలు, పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. చుట్టాలు, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు అందరూ కొత్త బట్టల్లో చుట్టూ నిలబడ్డారు. సేట్ తాళం తిప్పాడు. ఇంజన్ మెత్తగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తుకుని నిలబడ్డాను.

అప్పుడు ఒక పిల్ల వంగి, "అమ్మా, ముగ్గు మీద ఏందో పడుతాంది," అంది.

తెల్లటి ముగ్గు మీద నల్లటి చుక్క. చూస్తుండగానే ఇంకోటి. గీత పట్టుకుని నూనె పాకుతూ పోయింది. ఎవరో నవ్వారు. "సాంబన్నా, నీ ఇంజన్ కింద అన్నం తినొచ్చు అంటివి గదనే! పోపు నూనె గూడ నువ్వే పోస్తానవా?" అన్నాడు పక్క దుకాణం ఆయన. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. సేట్ మాత్రం నవ్వలేదు. వంగి జేబురుమాలుతో ఆ చుక్కలు తుడవబోయాడు. కొత్త పంచె మీద మరక పడింది. పక్కన ఉస్తాద్ చేతిలో కొబ్బరి ముక్క పట్టుకుని, చూపు ఆనని కళ్లు చికిలించి, "ఏమైంది సాంబా? అందరెందుకు నవ్వుతాండ్రు?" అని అడుగుతున్నాడు.

మర్నాడు బండి షెడ్డుకొచ్చింది. ఉస్తాద్ ఆ రోజు కూతురింటికి వెళ్లాడు, నాకు కావలసిందీ అదే. ఇంజన్ మొత్తం డీజిల్‌తో కడిగి ఆరబెట్టాను. ఇంట్లోంచి ముగ్గుపిండి తెచ్చి, అతుకు ఉన్న ప్రతి చోటా చల్లాను. ముగ్గు మీద పోయిన పరువు సంగతి ముగ్గుతోనే తేలాలనిపించింది. పొడి పిండి మీద నూనె తగిలితే అది పుట్టిన చోటే తడి గీత పడుతుంది. ఇంజన్ నడిపి గుంతలోకి దిగి టార్చి వేశాను. ట్యాపెట్ కవర్ పొడి. ఫ్యూయల్ పంపు పొడి. ఛాంబర్ అంచు చుట్టూ పిండి వేసింది వేసినట్టే ఉంది. వెనక డొప్ప రంధ్రం దగ్గర మాత్రం పిండి ముద్దయింది.

ఇక పారిపోవడానికి చోటు లేదు. ఛాంబర్ దించి వెనక క్యాప్ విప్పాను. కింది తాడు ఒక కొస సరిగ్గా ఉంది. రెండో కొస గాడి అంచుకన్నా లోపలికి, బియ్యపు గింజ మందాన తక్కువగా ఉంది. కోత మాత్రం ఏటవాలుగా, ఎంత అందంగా ఉందో. గుంతలో నిలబడి ఆ కొసనే చూస్తూ ఉండిపోయాను. తప్పు దొరికితే మెకానిక్‌కు సంతోషం కలగాలి. నాకు మాత్రం మా నాయన బట్టలు లేకుండా ఉంటే చూసినట్టు అనిపించింది.

కొత్త తాడు నానబెట్టి, కోసి, కూర్చోబెట్టి బిగించాను. కారడం ఆగిపోయింది. బండి అప్పగిస్తూ సేట్‌తో, "తప్పు నాదే సేట్, వెనక సీల్ నేనే సరిగ పెట్టలే," అన్నాను.

సేట్ నా వైపు చూసి, "నువ్వా?" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాట చాలాకాలం గుచ్చుకుంది. అయినా లోపల ఒక మూల గొప్పగానే ఉంది. గురువు పరువు కాపాడాననుకున్నాను.

ఉస్తాద్‌కు ఛాంబర్ గాస్కెట్ కారిందని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. సాయంత్రం చాయ్ హోటల్లో అందరికీ వినబడేలా, "గాస్కెట్ కారింది గని నా తాడు కారలే! డోర్నకల్ చెయ్యి ఇది!" అన్నాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. షెడ్డులో అప్పుడు ఒక పాత జీపు ఇంజన్ విప్పి ఉంది. ఊళ్లోంచి మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలుకునే రైతుది, దానికీ రోప్ సీలే. "దానికి గూడ తాడు నేనే పెడతా," అన్నాడు ఉస్తాద్. నా అబద్ధానికి అప్పుడే కాళ్లొచ్చాయి. ఆ రైతు బండి దారిలో నూనె కారి కారి ఖాళీ అయితే ఇంజన్ పట్టేస్తుంది, అతని సీజనంతా పోతుంది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ రేపు అంటూ ఆ ఇంజన్‌ను అలాగే వదిలేసి పక్క పనులు చేస్తూ తిరిగాను.

ఒక పొద్దున బేరింగుల కోసం బజారుకు వెళ్లి వచ్చేసరికి ఉస్తాద్ స్టూలు మీద ఉన్నాడు. జీపుకు తాడు చూద్దామని సామాను పళ్లెంలో చేయి పెట్టాడట. ఆయన ఒళ్లో సేట్ కారు నుంచి తీసిన పాత ముక్క ఉంది. పారేయడానికి చేయి రాక అక్కడే పడేసి ఉంచాను.

"సాంబా, ఇది ఏ బండిది?"

"ఏదో పాతది ఉస్తాద్."

"ఏదో కాదు. గిట్ల ఏటవాలు కోసేది నేనొక్కన్నే. నీకు గూడ నేర్పిన గని నీకు రాలే." బొటనవేలితో ఆ కొసను రుద్దాడు. "ఒక దిక్కు తక్కువున్నది. సేట్ కారుదేనా?"

నేను నేల చూశాను.

"ఛాంబర్ గాస్కెట్ అన్నవ్. సేట్‌కు ఏం చెప్పినవ్ మరి?"

"తప్పు నాదని చెప్పిన ఉస్తాద్."

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటకు ఆయన సంతోషిస్తాడేమో, భుజం తడతాడేమో అనుకున్నాను.

"నా తప్పు నాదని చెప్పుకునుడు నాకు రాదా బిడ్డా? డోర్నకల్‌ల అందరి ముందట తిట్లు తిన్న, నాదే తప్పని చెప్పి మళ్ల చేసిన. చూపు పోతాంది, చెయ్యి వణుకుతాంది, సరే. నాకు మిగిలింది గదొక్కటే ఉండె. గది గూడ గుంజుకున్నవ్."

నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. "చూసి గూడ చెప్పకపోవుడు మర్యాద అనుకున్న ఉస్తాద్," అన్నాను.

"చూసినవా? ఎన్నడు చూసినవ్?" అన్నాడు. "ఆ దినం కోసినంక వేలు పెట్టి చూసిన. జర తక్కువే అనిపించింది. కండ్లకు ఆనలే. నువ్వు లైటు పట్టుకొని నిలబడ్డవ్ గద, తక్కువుంటే సాంబడు చెప్తడు, చెప్పలేదంటే మంచిగనే ఉందనుకున్న. నీ కండ్లను నమ్మిన నేను."

ఆయన వేలు తడిమి ఆగిన ఆ క్షణం నాకు గుర్తొచ్చింది. ఆయన నా కోసం ఆగాడు. నేను రోడ్డు మీద పోయే ఆటోలు చూస్తున్నాను. దసరా నాడు పదిమంది నవ్వినప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు ఏపాటిది? ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చేస్తున్న పని ఆగిపోతుంది.

ఆ రోజే నన్ను మోటారుసైకిల్ తీయమన్నాడు. ఇద్దరం సేట్ దుకాణానికి వెళ్లాం. సేట్ భార్య కూడా గల్లా దగ్గరే కూర్చుని ఉంది. ఉస్తాద్ కుర్చీ వద్దని నిలబడే చెప్పాడు. "తాడు కోసింది నేను సేట్. తక్కువ కోసిన. వీడు నా పేరు దాచిండు. మీ పండగ ఖరాబైంది, తప్పు నాది."

సేట్ గబుక్కున లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. నా వైపు చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను. సేట్ భార్యే అంది: "ముగ్గుదేమున్నది పెద్దాయనా, మళ్ల వేసుకుంట. మీరు జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త." ఉస్తాద్ అప్పుడు కూర్చున్నాడు. చాయ్ మొత్తం తాగాడు. తిరిగి వచ్చేటప్పుడు నా వెనక బండి మీద నిటారుగా కూర్చున్నాడు. నేనే వంగిపోయి నడిపాను.

ఈ బండి నాకు నేర్పింది చిన్న విషయమే. ఎవరి చేయి పడ్డా ఇంకొకరి కన్ను పడాలి. నా పనికి కూడా. చూడకపోవడాన్ని నేను గౌరవం అనుకున్నాను, అది పిరికితనం. తప్పు కనబడితే చెప్పాల్సి వస్తుందని భయపడి మొహం తిప్పుకున్నాను, అంతే. ఇంత తెలియడానికి ఒక పెద్దమనిషి పరువు, ఒక సేట్ పండగ ఖర్చయ్యాయి.

జీపుకు తాడు నేనే పెడదామనుకున్నాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "తాడు నేను పెడతా. లైటు నువ్వు పట్టు," అన్నాడు. కడ్డీతో రుద్దాడు. బ్లేడు తీసుకుని మెల్లగా, ఎప్పటిలాగే ఏటవాలుగా కోశాడు. వేలితో తడిమాడు. తర్వాత స్టూలు వెనక్కి జరిపి నాకు చోటిచ్చి, "ఇగ చూడు," అన్నాడు.

ఆయన ముందే ఆయన పని మీద టార్చి వేసి వంగడానికి నాకు ప్రాణం పోయినంత సిగ్గేసింది. వంగాను. ఎడమ కొసన రెండు పోగులు గాడి దాటి బయటికి వచ్చి ఉన్నాయి.

"ఎడమ దిక్కు రెండు పోగులున్నయి ఉస్తాద్," అన్నాను.

ఆయన బ్లేడు అందుకుని, "ఏడ? వేలు పట్టి చూపియ్యి," అన్నాడు.